గంటకు నలభై, సముద్రం దాకా

ఆ శనివారం పొద్దున్న ప్రయాణం ఎనిమిదింటికైతే, టోకెనమ్మ ఏడింటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. పందొమ్మిదేళ్ళకు దొరికిన సెలవు. కాళ్ళు ఒకచోట ఆగితేనా!

ఆవిడ ఒక నర్సింగ్ హోములో రిసెప్షన్ కౌంటరులో టోకెన్లిచ్చే మనిషి. అసలు పేరుతో జీతాల రిజిస్టరుకు తప్ప ఇంకెవరికీ పనిలేదు. రోగులకూ, డాక్టర్లకూ, ఆఖరికి ఎదురింటివాళ్ళకూ ఆవిడ టోకెనమ్మే. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా లోకమంతా వరసకట్టి వచ్చి ఆవిడను ఒకే మాట అడుగుతుంది: డాక్టరుగారు వచ్చారా? ఇంటికి చేరితే అత్తగారు కళ్ళజోడెక్కడని, మొగుడు తాళాలెక్కడని అడుగుతారు. కళ్ళజోడు అత్తగారి నెత్తిమీదా, తాళాలు మొగుడి జేబులోనూ ఉంటాయి.

అందుకే ఆవిడ కోరిక చిన్నది. బతుకులో ఒక్కసారి సముద్రాన్ని చూడాలి. ఒక్క సాయంత్రం దాని ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. ఆ కాసేపూ ఒక్క పురుగు కూడా తనను ఏమీ అడక్కూడదు.

ఇంత చిన్న కోరిక ఇన్నేళ్ళు ఆగిందంటే అది మొగుడి చలవే. ఆయన డ్రైవింగ్ స్కూలు మాస్టారు. పిసినారి అంటే ఒప్పుకోడు, ముందుచూపు అనాలి. సముద్రం మాట ఎత్తినప్పుడల్లా రైలు చార్జీ, హోటలు గది, ఆటో, అన్నీ కాగితం మీద కూడి, కాగితం మడిచి, "సముద్రం ఎక్కడికీ పోదులే" అనేవాడు. నిజమే, అది ఎక్కడికీ పోలేదు. వీళ్ళూ పోలేదు.

అలాంటి మనిషి పోయినవారం లాటరీ తగిలినవాడిలా ఇంట్లోకొచ్చాడు.

"సంచి సర్దు. సముద్రానికి పోతున్నాం."

"ఎవరి డబ్బుతో?" అంది టోకెనమ్మ. కాపరం చేసిన మనిషి కదా, అడగాల్సిన మొదటి ప్రశ్న ఏదో ఆవిడకు తెలుసు.

విషయం ఏమిటంటే, సముద్రం ఒడ్డు ఊళ్ళో ఒక కంటి ఆసుపత్రి ఉంది. వాళ్ళ కంటి పరీక్షల వ్యాను రిపేరుకని ఈ ఊరి షెడ్డుకు వచ్చింది. రిపేరు అయిపోయింది గానీ వాళ్ళ డ్రైవరు కాలు విరగ్గొట్టుకున్నాడు. పెద్ద బండి లైసెన్సున్నవాడు ఎవరైనా దాన్ని తీసుకెళ్ళి అప్పజెప్పాలి.

"డీజిలు వాళ్ళది. రాత్రికి ఒడ్డునే వాళ్ళ గెస్టు రూము, పైసా తీసుకోరు. తిరుగు బస్సు టికెట్లు ముగ్గురికీ వాళ్ళే కొన్నారు. మన ఖర్చల్లా టీ. ఫ్లాస్కు పట్టుకెళ్తే అదీ లేదు," అన్నాడు మాస్టారు గుక్క తిప్పుకోకుండా.

"షరతులేమిటి?"

"సాయంత్రం ఐదులోపు బండి అప్పజెప్పాలి. ఐదు దాటితే ఆఫీసు మూస్తారు. గదీ ఉండదు, టికెట్లూ ఉండవు."

"తిరుగు బస్సెప్పుడు?"

మాస్టారు కొంచెం నసిగాడు. "తెల్లవారుజామున నాలుగింటికి. ఆ టైముకైతే చవగ్గా వస్తాయట, పాపం వాళ్ళూ ముందుచూపున్నవాళ్ళే."

అంటే సముద్రం చూడటానికి చేతిలో ఉన్నది ఒకే ఒక్క శనివారం సాయంత్రం. చాలు, అనుకుంది టోకెనమ్మ. ఆ వారమంతా కౌంటరు దగ్గర ఎవరేమడిగినా నవ్వుతూ జవాబు చెప్పింది. ఆవిడకు జ్వరం తగిలిందేమోనని నర్సులు చెయ్యి పట్టుకు చూశారు.

ఎనిమిదింటికి వ్యాను వాకిట్లో ఆగింది. తెల్లటి బండి, రెండు పక్కలా ఏనుగు తలకాయంత కన్ను బొమ్మ, కింద 'ఉచిత నేత్ర పరీక్ష' అని మూరెడేసి అక్షరాలు. అత్తగారు ఆ కన్ను ముందు కాసేపు నిలబడి, "ఒరేయ్, ఇది నన్నే చూస్తోందిరా," అని రుసరుసలాడుతూ ఎక్కి వెనక బల్లమీద కూర్చుంది. టోకెనమ్మ ముందు సీట్లో, ఒళ్ళో ఫ్లాస్కుతో.

రెండు వందల కిలోమీటర్లు. మాస్టారు గంటకు నలభై దాటడు. ఖాళీ రోడ్డు మీద, వెనకా ముందూ ఎవరూ లేకపోయినా అద్దంలో చూసి, సిగ్నలు వేసి, చెయ్యి బయటపెట్టి గానీ మలుపు తిరగడు. ఇరవై ఏళ్ళుగా పక్కసీట్లో కూర్చుని ఇంకొకళ్ళ బ్రేకు తొక్కిన కాలు కాబట్టి, మనసులో భయం పుట్టినప్పుడల్లా ఆ కాలు ఉత్తి నేలను తొక్కేది. అయినా లెక్క ప్రకారం ఒంటిగంటన్నరకు చేరిపోవాలి. టోకెనమ్మ కిటికీలోంచి మొహం బయటపెట్టి గాలి పీలుస్తూ, ఇప్పుడే ఉప్పు వాసన వస్తోందని రెండుసార్లు అంది.

పదింటికి అత్తగారు కాళ్ళు పట్టేశాయంది. రోడ్డు పక్క ఒక టీ కొట్టు దగ్గర బండి ఆపారు. టీ తాగరు, ఫ్లాస్కు ఉంది కదా. కొట్టువాడి బెంచీ మాత్రం వాడుకున్నారు. టోకెనమ్మ మూత విప్పి కప్పులో టీ వంచుతూ ఉంటే, వెనకనుంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది.

"అమ్మా, కళ్ళు చూస్తారా?"

"కూర్చోండి, పిలుస్తాం," అంది టోకెనమ్మ తలెత్తకుండా.

ఆ మాట ఆవిడ అనలేదు, పందొమ్మిదేళ్ళ ఉద్యోగం అంది. నోరు జారిన సంగతి ఆవిడకు తెలిసేలోపు ఆ ముసలాయన బుద్ధిగా బెంచీ చివర కూర్చుని చేతులు మోకాళ్ళమీద పెట్టుకున్నాడు. మెడలో టేపు వేలాడుతోంది. దర్జీ. ఒక మనిషి అలా కుదురుగా కూర్చుంటే రెండో మనిషికి కూర్చోబుద్ధవుతుంది. ఇద్దరు కూర్చుంటే అది లైను. లైనంటూ కనిపించాక ఎందుకని అడిగేవాడెవడు? పది నిమిషాల్లో బెంచీ నిండి, పక్కనున్న సిమెంటు గట్టు కూడా నిండింది.

టోకెనమ్మ ఫ్లాస్కు మూత బిగించింది. గబగబా దర్జీ దగ్గరికెళ్ళింది.

"తాతగారూ, ఇందులో డాక్టరుగారు లేరండీ."

"ఎప్పుడొస్తారమ్మా?"

"దారిలో ఉన్నారు," అంది టోకెనమ్మ. అని, నాలుక కరుచుకుంది. ఇదీ ఉద్యోగమే. డాక్టరు లేరనే మాట వెనకాలే ఆ ముక్క దానంతటదే వచ్చేస్తుంది.

"అయితే ఫరవాలేదు. కొట్టు కట్టేసే వచ్చాను," అన్నాడు దర్జీ. "నిన్న ఒక చొక్కాకు రెండు చేతులూ ఒకేవైపు కుట్టానమ్మా. ఆయన పెద్దమనిషి, ఏమీ అనలేదు. వేసుకోడానికి ప్రయత్నం కూడా చేశాడు."

ఇక్కడ బండి ఎక్కి పారిపోయి ఉంటే కథ అయిపోయేది. అత్తగారు పోనిస్తేనా! కోడలి మాటకు ఇంతమంది గౌరవంగా కూర్చోవడం ఆవిడకు కన్నులపండుగగా ఉంది. "మా కోడలు ఆసుపత్రిలో పెద్ద ఉద్యోగం. తను పిలిస్తే గానీ ఎవరూ లోపలికెళ్ళడానికి లేదు," అని గట్టుమీదవాళ్ళకు చెప్పింది. అందులో అబద్ధమూ లేదు. దాంతో ఇంకో పదిమంది వచ్చారు. తోపులాట మొదలైంది. తోపులాట చూస్తే టోకెనమ్మకు ఒళ్ళు ఊరుకోదు. నిండా మునిగాక చలేమిటని, మాస్టారు లెక్కల కాగితం చింపి ముప్ఫై ముక్కలు చేసి, నంబర్లు వేసి, పేరూ వయసూ అడిగి పంచేసింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు మాస్టారు.

"ఏమోనండీ, చెయ్యి ఆగడం లేదు."

పదకొండున్నరకు ఆవిడ ధైర్యం తెచ్చుకుని బండి మెట్టెక్కింది. ఉన్నదున్నట్టు చెప్పేయాలనుకుంది. "అయ్యా, అమ్మా, నేను చెప్పింది తప్పు. ఇందులో డాక్టరు లేరు. మేం కంటి ఆసుపత్రివాళ్ళం కాదు. సెలవుకు సముద్రం చూడటానికి పోతున్నాం."

జనం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వారు. "రద్దీ ఎక్కువైతే ఆసుపత్రివాళ్ళు చెప్పే మాటేలే ఇది," అంది ఒకావిడ. "మేం కదలం." టోకెను చేతికొచ్చాక నమ్మకం ఎక్కడికి పోతుంది? ఆవిడ మూడు ముక్కల్లో చెప్పిన అబద్ధాన్ని నమ్మినవాళ్ళు నిజాన్ని ఎంత చెప్పినా నమ్మలేదు.

"మరి డాక్టరెక్కడుంటాడు?" అని దర్జీ అడిగాడు.

"సముద్రం ఒడ్డు ఊళ్ళో, వాళ్ళ ఆసుపత్రిలో."

"మీరు పోతున్నదీ అక్కడికే కదమ్మా. ఆ మాట ముందే అంటే అయిపోయేది." దర్జీ లేచి టోకెను జేబులో పెట్టుకున్నాడు.

అందరూ ఇళ్ళకెళ్ళి అన్నాలు తిని వచ్చేసరికి పన్నెండున్నర. అలా బయలుదేరిన ఊరేగింపు చూడాలి. ముసలివాళ్ళు పద్నాలుగు మంది వ్యానులో. వెనక మోటారు సైకిళ్ళు ఆరు, ఒక ఆటో, పాల వ్యాను, దాని వెనక ట్రాక్టరు. ఇంకే బండి వెంటైనా ట్రాక్టరు అరగంటలో వెనకబడేది. మాస్టారు నలభైకి మించడు కనుక అందరూ హాయిగా వచ్చారు. ఒకాయన సైకిలు మీద కూడా చాలాదూరం వచ్చాడు.

మాస్టారుకు మొదట చిరాకు, తర్వాత పూనకం. జీవితంలో ఇంతమంది ఆయన వెనక బళ్ళు నడిపింది లేదు. పాల వ్యాను వాడు సిగ్నలు వేయకుండా మలుపు తిరగడం అద్దంలో చూసి, బండి పక్కకు ఆపి దిగాడు.

"సిగ్నలు ఎందుకిచ్చాడయ్యా కంపెనీవాడు? అందానికా?"

"మలుపు నాకు తెలుసు కదా మాస్టారూ."

"నీకు తెలుసు. వెనకవాడికి?"

అందరినీ దింపి పావుగంట చెప్పాడు. ఇంకో నాలుగు మైళ్ళకు హెల్మెట్ల గురించి మళ్ళీ పావుగంట. టోకెనమ్మ గడియారం చూసుకుంటూ, "ఏవండీ, మీ క్లాసు అయిపోతే సముద్రం," అని గుర్తుచేసింది.

రెండింటికి రైల్వే గేటు పడింది. ఆ సందు చూసుకుని ఆవిడ బండిమీద రాసున్న నంబరుకు ఫోను చేసింది. ముప్ఫై మందితో వస్తున్నామని ముందే చెబితే మర్యాదగా ఉంటుందని. అవతల ఒక ఆడపిల్ల గొంతు తియ్యగా పలికింది.

"డాక్టరుగారు దారిలో ఉన్నారండీ. మీరొచ్చి కూర్చోండి, పిలుస్తాం."

టోకెనమ్మ ఫోను పెట్టేసింది. ఆ మాటకు అర్థం భూప్రపంచంలో ఆవిడకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. డాక్టరు రాలేదు, వస్తాడో రాడో తెలియదు, నన్ను వేధించకండి. అంతే.

"ఏవండీ, అక్కడ డాక్టరు లేరు."

"ఉన్నారంది కదా?"

"దారిలో ఉన్నారంది. అంటే లేరనే."

"మనకేం? ఐదులోపు తాళం ఇచ్చేస్తే మన పని అయిపోయింది," అన్నాడు మాస్టారు.

టోకెనమ్మ వెనక్కి తిరిగి చూసింది. దర్జీ మెడలో టేపును మడతపెట్టి విప్పుతున్నాడు. కూర్చోమన్నది తను. ఆయన కూర్చున్నాడు. పందొమ్మిదేళ్ళలో ఎన్నివేల మందికి ఆ మాట చెప్పిందో, ఒక్కసారైనా సిగ్గుపడలేదు. ఇవాళ పడింది, చెవులు వేడెక్కేలా పడింది. డాక్టరు లేకుండా ఈయన్ని అక్కడ వదిలి ఏ మొహం పెట్టుకుని సముద్రం ముందు కూర్చోవడం అనుకుంది.

ఇంతలో వెనక ఒకటే హారన్ మోత. ఒక తెల్ల కారు ట్రాక్టరు వెనక ఇరుక్కుని గోల పెడుతోంది. గేటు పడి ఉన్నప్పుడు హారన్ కొట్టేవాళ్ళంటే మాస్టారుకు ఒళ్ళుమంట. దిగి కారు దగ్గరికి నడిచాడు. లోపల ఒకావిడ, స్టీరింగు మీద వేళ్ళు టకటకలాడిస్తోంది.

"కొంచెం దారిప్పించండి, అర్జెంటు," అంది.

"అర్జెంటున్నవాళ్ళు ముందే బయలుదేరాలమ్మా. హారన్ కొడితే రోడ్డు వెడల్పవదు," అన్నాడు మాస్టారు. పక్కనున్న మోటారు సైకిళ్ళవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన ఇంకో రెండంగుళాలు పొడుగై తిరిగొచ్చాడు.

గేటు లేచాక కారావిడకు దారి దొరికిందా అంటే, అదీ లేదు. రోడ్డు మధ్య తెల్లగీత తెగకుండా ఉంది. అలాంటి గీత దాటడం తప్పని మాస్టారు అప్పుడే క్లాసు చెప్పి ఉన్నాడు. శిష్యులు అక్షరం తప్పకుండా పాటిస్తూ, దాటబోయిన కారుకు చేతులూపి వద్దన్నారు.

మూడు గంటలకు ఒక కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులు ఈ బారును చూసి, ఎవరో మంత్రిగారి పర్యటనేమో, కబురు తనకందలేదేమో అని హడలిపోయి నాలుగు వైపులా బళ్ళు ఆపేసి సెల్యూట్ కొట్టాడు. సంగతి తెలిశాక చెయ్యి దించడానికి మొహమాటపడ్డాడు.

"నాకూ దూరం నంబరు ప్లేట్లు సరిగా ఆనడం లేదమ్మా. ఇన్నాళ్ళూ తోచినవి రాసేస్తున్నాను," అన్నాడు మెల్లిగా. ఆయనకు ముప్ఫై ఒకటో టోకెను దొరికింది. ఐదులోపు చేరాలని తెలుసుకుని, పైవాళ్ళ దగ్గర రెండు గంటలు సెలవు అడిగి, తన మోటారు సైకిలుకున్న సైరన్ వేసుకుని ముందు దూసుకుపోయాడు.

దూసుకుపోయాడు గానీ మాస్టారు నలభైలోనే ఉన్నాడు. కానిస్టేబులు రెండుసార్లు వెనక్కొచ్చి వీళ్ళను వెతుక్కోవలసి వచ్చింది.

"ఏవండీ, ఒక్క పది పెంచండి. ఒక్క పది," అని టోకెనమ్మ బతిమాలింది.

"రూలు రూలే."

"పందొమ్మిదేళ్ళండీ."

మాస్టారు పెళ్ళాం మొహంలోకి చూశాడు. తర్వాత అద్దంలోకి చూశాడు, సిగ్నలు వేశాడు, చెయ్యి బయటపెట్టాడు. ఆపైన నలభై ఐదులో వెళ్ళాడు. అత్తగారు భయంతో కమ్మీ పట్టుకుంది.

నాలుగూ యాభైరెండుకు వ్యాను ఆసుపత్రి గేట్లోకి తిరిగింది. రోడ్డుకు అవతల ఇసుక, ఇసుకకు అవతల ఏదో పెద్ద చప్పుడు. టోకెనమ్మ అటు చూడబోయింది, ఇంతలో ముప్ఫై ఒక్కమంది దిగారు. లైను పెట్టాలి కదా. తల తిప్పుకుంది. మాస్టారు పరుగున వెళ్ళి, బీరువా మూస్తున్న ఇన్‌ఛార్జి చేతిలో తాళం పెట్టి, సంతకం చేయించుకుని, గది తాళం పుచ్చుకుని, యుద్ధం గెలిచినవాడిలా బయటికొచ్చాడు.

కౌంటరులోని ఆడపిల్ల జనాన్ని చూసి నవ్వింది. "డాక్టరుగారు దారిలో..."

"నాకు చెప్పకమ్మా," అంది టోకెనమ్మ గొంతు తగ్గించి. "నేనూ ఆ సీట్లోదాన్నే. నిజం చెప్పు. ఉన్నారా, లేరా? ఆ తాతగారు కొట్టు మూసుకుని వచ్చాడు."

"నిజంగానే దారిలో ఉన్నారండీ. రెండింటికే రావాలి. రోడ్డంతా అడ్డంగా ఎవరో నలభైలో పోతున్నారట, అరగంటకోసారి ఫోను చేసి తిడుతున్నారు."

ఆ మాట పూర్తికాకముందే గేట్లోకి తెల్ల కారు వచ్చి ఆగింది. దిగిన ఆవిడ మొహం కందగడ్డలా ఉంది. మాస్టారు గది తాళం వెనక్కి దాచుకుని, స్తంభం చాటుకు జరిగాడు. డాక్టరమ్మ ఆయన్ని చూసింది, వ్యాను మీది కన్నును చూసింది, వరండాలో నంబరు ప్రకారం కూర్చున్న ముప్ఫై ఒక్కమందిని చూసింది. వ్యాను లేక నెలరోజులుగా ఆ వరండాలో ఈగలు తప్ప రోగులు లేరు. కోపం కాస్తా మొహంలోనే ఆగిపోయింది.

"ఇంత వరసగా ఎవరు కూర్చోబెట్టారు?" అంది.

పని మొదలైంది. ముందు అందరి కళ్ళల్లో చుక్కలమందు వేయాలి. అది వేస్తే నాలుగైదు గంటలు చూపు మసకేస్తుంది. నర్సు సీసా పట్టుకుని రాగానే దర్జీ లేచి నిలబడిపోయాడు.

"నాకొద్దు. ఉన్న కాస్త చూపూ పోతుంది."

"పోదు తాతగారూ, రాత్రికల్లా సర్దుకుంటుంది," అంది టోకెనమ్మ.

"పొద్దున్నుంచి మీ మాటే నమ్మానమ్మా. డాక్టరు లేడన్నారు, దారిలో అన్నారు, మళ్ళీ లేడన్నారు. ఈ ఒక్కటీ మీరు వేయించుకుని చూపించండి. అప్పుడు వేయించుకుంటాను."

ముప్ఫైమంది ఆవిడ వంక చూశారు. నంబరు ఒకటి వేయించుకోకపోతే రెండు వేయించుకోడు. టోకెనమ్మ రోడ్డుకు అవతలికి తల తిప్పబోయింది. ఒక్కసారి చూసొచ్చి వేయించుకుంటాననే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దర్జీ మళ్ళీ మెడలో టేపును మడతపెట్టి విప్పుతున్నాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చింది.

మందు పనిచేసేదాకా గాలికి కూర్చోమని అందరినీ ఒడ్డుకు పంపారు. టోకెను వరసలోనే, ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని రోడ్డు దాటారు. మాస్టారు రెండువైపులా బళ్ళు ఆపాడు. ఆయనకు మందు వేయలేదు, ఊరికే వచ్చే మందు తనకొక్కడికే రాలేదని కొంచెం నొచ్చుకున్నాడు.

ఇసుకలో అందరూ బారుగా కూర్చున్నారు. టోకెనమ్మ కళ్ళు తెరిచింది. ఎదురుగా తెల్లటి వెలుగు, అంతే. పైనేదో కిందేదో తెలియదు. చప్పుడు వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది. కాళ్ళమీద తడి తగిలింది. ఏడుపు వచ్చింది ముందు. తర్వాత ఒక సంగతి తట్టింది. పక్కన దర్జీ, అటుపక్క కానిస్టేబులు, ఇటు అత్తగారు, అందరూ కళ్ళు మూసుకుని నోళ్ళు కూడా మూసుకున్నారు. ఎవరు టోకెనమ్మో ఎవరికీ కనిపించడం లేదు. అరగంట గడిచింది. ఆవిడను ఎవ్వరూ ఏమీ అడగలేదు. ఆవిడ చేతులు వాటంతటవే ఒళ్ళోకి వచ్చి పడుకున్నాయి.

చివరికి తనే అడిగింది. "ఏవండీ, ఎలా ఉంది సముద్రం?"

మాస్టారు ఎడమకు చూశాడు, కుడికి చూశాడు, మళ్ళీ ఎడమకు చూశాడు.

"పెద్దదే," అన్నాడు. "టికెట్టు పెట్టినా చూడొచ్చు."